నిన్నటి పులుసు, నిన్నటి సీసా

మూడు రోజుల్లో నేను తిరిగిన దూరం చెబితే మీరు నవ్వుతారు. బుచ్చిరెడ్డిపాలెంలో బయలుదేరి, వాకాడు దాటి సముద్రం దాకా వెళ్లి, శ్రీహరికోట దారిలో పులికాట్ నీళ్ల మధ్య కాసేపు నిలబడి తిరిగొచ్చాను. మా పాత నెల్లూరు జిల్లా దాటలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈసారి కారులో మాతోపాటు ఇటలీ సీసాలు కూడా వచ్చాయి. వాటికి దారి పొడవునా జరిగిన మర్యాద నా ముప్పై ఏళ్ల కాపురంలో నాకు ఒక్క రోజు కూడా జరగలేదు.

సీసాలు నావి కావు, మా పిన్నమ్మ కూతురు వసుంధరవి. ఏ భోజనానికి ఏ వైన్ సరిపోతుందో అతిథులకు చెప్పడం ఆమె ఉద్యోగం. చెన్నైలో ఒక పెద్ద హోటల్లో పన్నెండేళ్లు చేసింది. ఆ ఉద్యోగం గురించి చుట్టాలకు ఎట్లా చెప్పాలో తెలియక "హోటల్లో మేనేజరు" అని చెప్పుకుంటూ వచ్చాం. కిందటేడు ఆ హోటల్లో ఆ విభాగం మూసేశారు. నలభై నాలుగేళ్ల ఆడమనిషికి ఆ రంగంలో మళ్లీ చోటు దొరకదని ఆమెకు కొద్ది నెలల్లోనే తెలిసిపోయింది. చివరికి, కోస్తా వంటలతో రెస్టారెంటు పెడుతున్న ఒకాయన ఆమెకు ఒక పరీక్ష పెట్టాడు. ఇటలీ నుంచి తెప్పించిన ఒక రెడ్ వైన్ మూడు సీసాలు ఇచ్చి, "దీని పక్కన నిలబడే వంట మీ నెల్లూరు నుంచి ఒకటి పట్టుకురండి. సోమవారం నాకు వడ్డించాలి. నిలబడితే ఉద్యోగం మీది" అన్నాడు.

శుక్రవారం పొద్దున వసుంధర మా ఇంటి ముందు దిగింది. బట్టల సంచీని గేటు దగ్గరే పడేసి, సీసాల పెట్టెను మాత్రం చంటిబిడ్డలా ఎత్తుకుని లోపలికొచ్చింది.

బుచ్చిరెడ్డిపాలెం

మా ఊరు వడ్ల ఊరు. మాఘమాసం చివరికి పొలాలు పచ్చదనం వదిలి పసుపుకు తిరుగుతాయి. బియ్యం మిల్లు దుమ్ములో పెరిగినదాన్ని, నాకు బియ్యం గురించి చెప్పండి, వాదిస్తాను. వైన్ గురించి నాకేమీ తెలియదు. అయినా వాదించాను.

"మూడు రకాల ద్రాక్ష కలిపి చేసినారక్కా," అంది వసుంధర, సీసా మీది చీటీ చూపిస్తూ. "సాంజొవేసే, మెర్లో, కాబెర్నే."

"కలిపినారా? అంటే కల్తీ!"

"కల్తీ ఏందక్కా, నీ నోరు!"

మా నాన్న మొలగొలుకుల బియ్యం బస్తాలో వేరే రకం గుప్పెడు కలిసినా కల్తీ అనేవాడు. ఒకసారి కూలీల పొరపాటుతో రెండు రకాలు కలిసిపోయి బస్తాలు బజారుకెళ్లాయి. కొన్నవాళ్లెవరూ కనిపెట్టలేదు. అయినా నాన్న బండి కట్టించుకుని అంగడి అంగడికీ తిరిగి, కలిసిన సంగతి చెప్పి, బస్తాలు వెనక్కి తెచ్చాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. కలపడం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వసుంధర ఓపిగ్గా చెప్పింది. ఇటలీలో టస్కనీ అనే సీమ ఉంది. అక్కడి సొంత ద్రాక్ష సాంజొవేసే. ఫలానా ఊరి వైన్ అని పేరు పెట్టుకోవాలంటే ఫలానా రకాలే వాడాలని ఒకప్పుడు అక్కడ కట్టడి ఉండేదట. కొందరు రైతులు మొండికేసి పక్క దేశపు రకాలు తెచ్చి నాటారు, సొంతవాటితో కలిపారు. "అట్లయితే మీది మామూలు బల్ల మీద పోసుకునే వైన్, అంతే" అని అధికారులు వాళ్లను అట్టడుగు తరగతిలోకి తోసేశారు. వాళ్లు ఆ హీనమైన పేరుతోనే అమ్మారు. తాగినవాళ్లు దాన్నే వెతుక్కుంటూ వచ్చారు. ధర పై తరగతి వాటిని దాటిపోయింది.

"ఒక్క సాంజొవేసే పోస్తే అచ్చం నీలాగుంటదక్కా. పులుపు, వగరు, ఎదురు మాట. మెర్లో కలిపితే కాస్త మెత్తబడతది. కాబెర్నే కలిపితే నడుం నిలబడతది."

"మరి నన్ను మెత్తబరచడానికి ఎవర్ని కలిపినారు?"

"బావని కలిపినారు గదా. ఏం లాభం, ఆయనే పులిసిపోయినాడు."

పేపరు చాటున ఉన్న మా ఆయన పేజీ తిప్పాడు. అంతకు మించి ఆయన ఏ వాదనలోనూ దిగడు.

మధ్యాహ్నానికి కొర్రమీను పులుసు చేశాను. పది గంటలకు పొయ్యెక్కించి, పన్నెండున్నరకు సెగలు కక్కుతుండగా వడ్డించాను. వచ్చింది చుట్టం కదా, వేడివేడిగా పెట్టడం మర్యాద. మొదటి సీసా తీశాం. నేను తాగానా? తాగాను. తులసి తీర్థమంత అని అబద్ధం చెప్పను, గ్లాసులో మూడో వంతు. ఒట్టిది తాగితే నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు, దాని వెనక ఏదో పండిన వాసన. బాగానే ఉందనుకున్నాను. పులుసు ముద్ద తిని, పైన ఒక గుక్క వేసుకున్నానో లేదో, తుప్పు పట్టిన గడియ నాకినట్టయింది.

వసుంధర నోట్లో పోసుకుని, పుక్కిలించి, గిన్నెలో ఉమ్మేసింది. అది వాళ్ల పని తీరట. రోజుకు ముప్పై రుచి చూడాల్సినవాళ్లు మింగితే ఇంక పని చేసినట్టే. ఆ సీసా ధరకు మా ఊళ్లో మంచి బియ్యం బస్తా వస్తుంది. దాన్ని ఉమ్మేస్తుంటే, గుక్కకు ఎన్ని శేర్ల బియ్యమో లెక్కేశాను.

"నీ వైన్ పనికిరాదు," అన్నాను.

"నీ పులుసులో పులుపు ఒకపక్క, కారం ఒకపక్క, చేప ఒకపక్క నిలబడి కొట్టుకుంటున్నాయక్కా," అంది. నా పులుసుని ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.

వాకాడు

శనివారం మిగిలిన రెండు సీసాలతో బయలుదేరాం. కారు నేను నడిపాను. వసుంధర పక్కన కూర్చుని, సీసాలను తడి తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఎండకు వైన్ ఉడికిపోతుందట. ఏసీ ఎక్కువ చెయ్యమని నాలుగుసార్లు అడిగింది. మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు కూడా నేను అంత నెమ్మదిగా గుంటలు దాటించలేదు.

వాకాడులో ఒక చిన్న హోటల్లో రొయ్యల వేపుడు కట్టించుకున్నాం. హోటలామె సీసా మెడ చూసి, "ఏందక్కా అది, తేనా?" అని అడిగింది. "ఇటలీ ద్రాక్షరసం" అన్నాను. "దగ్గుకి మంచిదా?" అంది. ఆలోచించి చెబుతానన్నాను.

సముద్రం దగ్గర సరుగుడు తోపు నీడలో రెండో సీసా తీసింది వసుంధర. రొయ్యలతో రుచి చూసి ముఖం చిట్లించింది. కారం వైన్‌ని రెచ్చగొట్టింది, వైన్ కారాన్ని రెచ్చగొట్టింది. అన్నం, పెరుగు ఉంటే తప్ప ఆ మంట చల్లారేది కాదు. వసుంధర బిరడా బిగించి, ఇసుకలో కూర్చుండిపోయింది.

"సోమవారం ఏం తీసుకుపోవాలక్కా?"

ఆమె గొంతులో అట్లాంటి బేలతనం నేనెప్పుడూ వినలేదు. అందుకే తిట్టలేదు. "లే, దేశమ్మ దగ్గరికి పోదాం" అన్నాను.

దేశమ్మ మా కాలేజీలో నా దగ్గర చదువుకున్న గౌరి తల్లి. గౌరికి పెళ్లయి వెళ్లిపోయినా, ఏడాదికోసారి నాకు ఎండు చేపలు పంపడం దేశమ్మ మానలేదు. సముద్రపు ఒడ్డున వాళ్లది రెండు గదుల ఇల్లు. నన్ను చూడగానే చాప పరిచింది. సీసా చూడగానే చాప దగ్గర ఆగిపోయింది.

"మేడమ్మా, మీ మీద గౌరవముంది. ఆ సీసా మాత్రం నా గడప దాటనీబాకండి. ఆయన మానేసి నాలుగేళ్లు. వాసన కూడా సోకనీను."

దూరంగా పడవ పక్కన వల బాగుచేస్తున్నాడు ఆమె భర్త గోవిందు. మావైపు చూసి, మళ్లీ వలలోకి తల వంచుకున్నాడు. నాకు సిగ్గేసింది. మాకు ఆ సీసా ఒక ఉద్యోగం. ఆ ఇంటికి అది వేరే సంగతి. వసుంధర వెళ్లి, రెండు సీసాలనూ తోపులో తడి ఇసుక తవ్వి మెడదాకా పూడ్చి, పైన సరుగుడు కొమ్మలు కప్పి వచ్చింది. "ఇటలీలో నేలమాళిగల్లో పెడతారు. ఇది మన నేలమాళిగ" అంది.

అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవలో పండుగప్ప దొరికింది. కొవ్వు పట్టిన చేప. నేను బేరం ఆడాను. పడవవాడు, "మేడం, దాన్ని పట్టేటప్పుడు అది నాతో ఇంత బేరం ఆడలేదు" అన్నాడు. అడిగినంతా ఇచ్చాను.

దేశమ్మ మట్టి దాకలో పులుసు పెడుతుంటే వసుంధర పక్కనే గొంతుక్కూర్చుంది. చింతపండు పిసికి పోసింది. టమాటాలు చిదిమి వేసింది. అన్నీ ఉడికాక, ఆ ఏడాది తొలి పుల్ల మామిడికాయ ముక్కలు తొక్కతో సహా వేసింది. నేనూ అట్లాగే వేస్తాను, మా అమ్మ వేసింది కాబట్టి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. వసుంధర అడిగింది.

"మూడు పులుపులెందుకు దేశమ్మా? ఒకటి చాలదా?"

"చింతపండు నోట్లో పెట్టంగానే పలకరిస్తది. మామిడికాయ మింగినాక పలకరిస్తది. నడాన ఖాళీ పడకుండా టమాటా. ఒకటే వేస్తే పులుపే గాని పులుసెట్టయితది తల్లీ?"

వసుంధర నావైపు తిరిగింది. "అక్కా, కల్తీ అను. చూద్దాం."

నేను సముద్రం చూశాను. జవాబు లేనప్పుడు సముద్రం చాలా ఉపయోగపడుతుంది.

పులుసు పట్టుకుని బయలుదేరుదామంటే కారు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. నలుగురు తోశారు, నేను తిట్టాను, అది ఇంకా దిగింది. ట్రాక్టరు పొద్దునగాని రాదన్నారు. దేశమ్మకు మాత్రం సంతోషమైంది. మా ఇద్దరికీ చింత చిగురు పప్పు, వేయించిన ఎండు మెత్తళ్ల చేపలు పెట్టింది. పులుసు దాక మీద మూత తియ్యలేదు.

"మరి పులుసో?" అని నోరు విడిచి అడిగాను.

"మీరు ఇప్పుడే పోయేవాళ్లయితే పెట్టేదాన్ని. సుట్టాలకి ఆ పూటది పెడతాం. ఈ పూట ఉండేవాళ్లకి రేపు పెడతాం. పులుసు రేపటికి గదా పులుసయ్యేది!"

నెల్లూరులో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. చేపల పులుసు మర్నాటికే రుచి. మేమందరం మర్నాడే ఎగబడి తింటాం. కానీ ఇంటికొచ్చినవాళ్లకు నిన్నటిది పెట్టడం అవమానమని, వాళ్లకు పచ్చిపచ్చిగా ఉన్న పులుసు వేడివేడిగా వడ్డించి పంపేస్తాం. మంచిది మేం తిని, మర్యాద వాళ్లకు పెడతాం. శుక్రవారం నేను చేసింది అదే. వసుంధర పిన్నమ్మ కూతురు, నా చేతి ముద్ద తిని పెరిగింది. ఆమెను చుట్టం చేసి చెడగొట్టాను.

తోపులో పొద్దున

ఆదివారం పొద్దున దేశమ్మ ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో పులుసు పట్టుకుని తోపులోకి తనే వచ్చింది. గడప దాటనివ్వని సీసాను గడప బయట చూడటానికి ఆమెకు అభ్యంతరం లేదు. పైగా కుతూహలం. వసుంధర ఇసుకలోంచి రెండో సీసా తీసింది. నిన్న బిరడా తీసి మళ్లీ బిగించిన సీసా. చెడిపోయి ఉంటుందనే అనుకుంది. మూడోది మాత్రం ముట్టలేదు, అది సోమవారానికి.

పులుసు మీద నూనె ఎర్రగా తేలింది. ముక్క వేలితో తాకితే విడిపోతోంది, కానీ చెదరలేదు. కారం ఎక్కడుందో చెప్పలేను. అది విడిగా లేదు.

వసుంధర ముద్ద తింది. గుక్క పోసుకుంది. ఉమ్మడానికి పక్కకు తిరిగింది. తిరిగినదల్లా ఆగి, మింగేసింది. నేను ఆమె గొంతు కదలడం చూశాను.

"ఏందే?"

ఆమె సీసా నాకిచ్చింది. నేనూ ముద్ద తిని ఒక గుక్క వేసుకున్నాను.

మొన్న నా పులుసుతో కొట్టుకున్న వైన్ పులుపు ఈ రోజు చింతపండు పక్కకు వెళ్లి కూర్చుంది. పుల్లగా, ఎండిన చెర్రీలాగా. నడుమ ఏదో మెత్తగా జారింది. అది మెర్లో అంది వసుంధర. మింగాక, మామిడికాయ పలకరించే చోట, వక్కపొడి డబ్బా మూత తీసినట్టు ఒక వాసన నిలబడింది. అది కాబెర్నే. తుప్పు లేదు, మంట లేదు. పండుగప్ప కొవ్వు వగరుని తుడిచేసింది. మూడు ద్రాక్షలూ మూడు పులుపులూ ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టున్నాయి.

"కలిపిన వెంటనే ఇది కూడా తాగరక్కా," అంది వసుంధర. "వేరువేరుగా పులియబెట్టి, కలిపి, పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. ఒకదానికొకటి అలవాటు పడాలని. ఇంతా తెలిసిన నేను సీసా తీసిన నిమిషమే తాగి, పొయ్యి మీది పులుసు తిని, సరిపోలేదని ఏడ్చినా."

దేశమ్మ సీసా మూతి దగ్గర ముక్కు పెట్టింది. "నేరేడుకాయలు సట్టిలో మరిసిపోయినట్టుంది," అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత నెమ్మదిగా, "దీన్ని ఇంత కూడు పక్కన పెట్టుకుని ఇంత మెల్లగా తాగుతారా మేడమ్మా వాళ్లు?" అని అడిగింది. అవునంది వసుంధర. దేశమ్మ గోవిందు ఉన్నవైపు ఒకసారి చూసింది.

ట్రాక్టరు వచ్చింది. దేశమ్మ మిగిలిన పులుసును చిన్న మట్టి కుండలోకి మార్చి, మూతకు గుడ్డ కట్టి వసుంధర చేతికిచ్చింది.

శ్రీహరికోట దారి

చెన్నై వెళ్లడానికి సూళ్లూరుపేటలో రైలెక్కాలి. సమయం ఉందని, శ్రీహరికోట వైపు పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీదికి కారు తిప్పమన్నాను. కారు వసుంధరే నడిపింది, మింగింది ఒక్క గుక్కే. దూరంగా ఫ్లెమింగోలు బురదలో తలకిందులుగా మేస్తున్నాయి. ఆ రోడ్డు చివర నుంచి రాకెట్లు లేస్తాయి. మేం కుండ కదలకుండా మెల్లగా పోయాం.

కారు పక్కకు ఆపి రెస్టారెంటాయనకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమన్నాను, పెట్టింది. ఆయన అంతా విని పెద్దగా నవ్వాడు.

"నిన్నటి చేపలా? కస్టమర్లకి? ఏమ్మా, నా రెస్టారెంటు మూయించేద్దామనా?"

"తిని చూడండి సార్. నచ్చకపోతే నేనే వెళ్లిపోతా."

"సరే, తింటా. బాగుంటే బాగున్నట్టే. మెనూలో మాత్రం నిన్నటిది అనే మాట వద్దు. ఏదన్నా స్టైలుగా పెడదాం."

"లేదు సార్. ఆ మాట ఉండాల్సిందే."

నేను ఆమె మోచెయ్యి పట్టుకుని గుంజాను. వదిలెయ్ అని సైగ చేశాను. జీవితంలో ఎవరితోనూ రాజీ పడని నేను, ఆమె ఆర్నెల్లుగా ఖాళీగా ఉందని గుర్తొచ్చి, ఒక్క మాట కోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దని బతిమాలాను. ఆమె చెయ్యి విడిపించుకుంది.

"కలిపింది కలిపినామని చెప్పాలి, నిన్నటిది నిన్నటిదని చెప్పాలి. దాచి పెడితే అది కల్తీ సార్."

ఆయన "చూద్దాం" అని పెట్టేశాడు. ఫ్లెమింగోలు కూడా మాకు వీపు తిప్పే ఉన్నాయి.

"ఆ ఒక్క మాట వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"అంగడి అంగడికీ తిరిగి బస్తాలు వెనక్కి తెచ్చినాడే, పెదనాన్న. ఆయన సొమ్మేం పోయిందక్కా?"

సూళ్లూరుపేట దాకా నేను ఈసారి సరస్సును చూశాను.

మళ్లీ బుచ్చిరెడ్డిపాలెం

సోమవారం సంగతి నాకు ఫోన్లో తెలిసింది. ఆదివారం సాయంత్రమే మూడో సీసా బిరడా తీసి, ఒక రాత్రి గాలి సోకనిచ్చిందట. మధ్యాహ్నం ఆయనకు రెండూ వడ్డించింది. మొదటి ముద్దకు జోకు వేశాడు. రెండో ముద్దకు వెయ్యలేదు. కుండలో మిగిలిన గుజ్జు వేళ్లతో తుడుచుకుని తిని, "ఎప్పుడు చేరతారు?" అని అడిగాడట. మెనూ మాట మాత్రం ఎత్తలేదు.

పది రోజుల తర్వాత మెనూ ఫోటో పంపింది. వైన్ పేరు, కింద మూడు ద్రాక్షల పేర్లు, దాని కింద తెలుగు అక్షరాల్లో "నిన్నాటి పులుసు". దీర్ఘం తప్పని వెంటనే రాశాను. "అచ్చయిపోయిందక్కా, మాట ఉంది చాలు" అని జవాబిచ్చింది.

దేశమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు నవ్వు. "నిన్నటిదని పేరు పెట్టి మరీ అమ్ముతున్నారా? సిగ్గులేదా మేడమ్మా మీకు?" అంది. నవ్వు ఆగాక అడిగింది:

"మళ్లా ఎప్పుడొస్తారు?"

"శనివారం వస్తా దేశమ్మా. ఉత్త చేతులతోనే."

"అయితే శుక్రవారమే వండి పెడతా."